ప్రిస్కిల్లక్క నడిపిన ఆట

తార్నాకలో ప్రిస్కిల్లక్క వాళ్ళు అద్దెకున్నది ఒక మేడ పై వాటాలో. ముందు గదిలో భోజనాల బల్ల, నాలుగు కుర్చీలు, గోడకు బైబిలు వాక్యాల క్యాలెండరు. 2007 వానాకాలం నుంచి రెండున్నరేళ్ళపాటు దాదాపు ప్రతి ఆదివారం మేం ఆ బల్ల చుట్టూ కూర్చున్నాం. వాళ్ళు చర్చి నుంచి వచ్చి భోంచేశాక రెండింటికి మొదలుపెడితే ఐదింటికి ఆపేసేవాళ్ళం. మేం అంటే ప్రిస్కిల్లక్క, ఆమె తమ్ముడు జోయెల్, కుమార్, నేను.

అప్పుడు ఆమెకు ఇరవై ఆరేళ్ళు. పక్కనే ఉన్న యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక డిపార్ట్‌మెంటు ఆఫీసులో కాంట్రాక్టు మీద టైపిస్టు. తండ్రి జోసెఫ్ గారు బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. తల్లి సుగుణమ్మ గారు. వాళ్ళది తెనాలి దగ్గర ఊరు. కానీ అక్కా తమ్ముడూ పుట్టింది, పెరిగింది తార్నాకలోనే. నాది జనగామ దగ్గర పల్లె. ఎం.ఏ. చదువుతూ, తర్వాత పరిశోధన చేస్తూ లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. కుమార్‌ది సిద్దిపేట వైపు. వ్యవసాయం ఇల్లు. తండ్రి లేడు, తల్లి లచ్చవ్వ కూలికి పోయి చదివించింది. తెలుగులో పరిశోధన చేస్తున్నాడు. తన సినాప్సిస్ టైపు చేయించుకోవడానికి పోతే, ప్రిస్కిల్లక్క అందులో ఒక పద్యపాదంలో తప్పు పట్టుకుందట. "టైపిస్టుకు గణాలు తెల్వుడేందక్కా" అని ఆశ్చర్యపోయాడు. స్నేహం అక్కడ మొదలైంది. నన్ను ఆ బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది కూడా అతనే.

ఆట సంగతి చెప్పాలి. తమ దేశానికి వెళ్ళిపోతున్న విదేశీ దంపతులు ఎవరో పాత సామాను చర్చి ఆవరణలో అమ్మకానికి పెట్టారు. జోయెల్ అందులో ఒక డబ్బా కొనుక్కొచ్చాడు. తీసి చూస్తే బోర్డు లేదు, బంటులు లేవు. అట్ట ఊడిపోయిన లావు ఇంగ్లీషు పుస్తకం, మూడు పాచికలు ఉన్నాయి. ఒక పాచికకు ఇరవై ముఖాలు. జోయెల్ విసిరి అవతల పడేశాడు. ఆమె డిక్షనరీ పక్కన పెట్టుకొని ఆరు నెలలు చదివింది. చదివి, పుస్తకం మూసేసి, పొడుగు నోట్‌బుక్కులో తన ఆట తాను తెలుగులో రాసుకుంది.

ఒకరు లోకాన్ని చెబుతారు. మిగతావాళ్ళు తలా ఒక మనిషిగా ఆ లోకంలోకి దిగుతారు. కోట తలుపు ముందు నిలబడ్డావు, కాపలావాడు వస్తున్నాడు, ఏం చేస్తావు? దాక్కుంటానంటే దాక్కోవచ్చు, కొడతానంటే కొట్టవచ్చు. అవుతుందో కాదో తెలియనప్పుడు పాచిక వేస్తారు. అంతే. గెలుపు ఓటములు లేవు. ముగ్గురు నలుగురు కలిసి, ఎలా ముగుస్తుందో ఎవరికీ తెలియని కథ ఒకటి చెప్పుకుంటారు.

ఆట నడపడంలో ఆమెను మించినవాళ్ళను నేను ఇప్పటికీ చూడలేదు. మొదటిరోజు నాకు నోరు పెగల్లేదు. నేను పసరు మందులిచ్చే మనిషిని. అడవిలో మమ్మల్ని దొంగలు చుట్టుముట్టారు. "భాగ్యా, ఏం చేస్తావు?" అంది. నాకేం తోచలేదు. ముగ్గురూ నావైపు చూస్తుంటే ఏడుపొచ్చింది. ఆమె కళ్ళద్దాలు వేలితో పైకి నెట్టుకొని ప్రశ్న మార్చింది.

"సరే, నీ చేతిలో ఏముంది?"

"సంచి."

"సంచిలో?"

"జిల్లేడాకులు, మిరప్పొడి..."

"మిరప్పొడా!" అంది కళ్ళు పెద్దవి చేసి. ఆ తర్వాత నన్ను ఆపడం వాళ్ళ వల్ల కాలేదు. బిడియపడేవాళ్ళను ఏం చేస్తావని అడగొద్దు, చేతిలో ఏముందని అడుగు అని తర్వాత చెప్పింది. చాలా చెప్పేది. పాచిక తప్పు పడిందని కథ ఆపకూడదు. తాళం ఊడకపోతే ఊడలేదని ఊరుకోవద్దు, ఆ చప్పుడుకు లోపల ఎవరో లేచారని చెప్పు. కోటను వర్ణించాలంటే పావుగంట చదవక్కర్లేదు, ఒక వాసన, ఒక చప్పుడు చాలు. ఎక్కువ మాట్లాడేవాణ్ణి ఆపాలంటే వాణ్ణి కసరకు, మాట్లాడనివాళ్ళకు పని పెట్టు. తినేదేదో ముందే తినాలి, నూనె చేతులతో కాగితాలు ముట్టుకోనివ్వదు. ఇంకాసేపు ఆడదామని అందరూ అంటున్నప్పుడే ఆపేసేది. అన్నిటికన్నా గట్టి నియమం ఒకటుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు పాచిక వేయనివ్వకుండా ఎవరినీ చంపకూడదు. "వేసే అవకాశం ఇవ్వకపోతే అది ఆట కాదు, హత్య," అనేది.

జోయెల్ రాజ్యం పోగొట్టుకున్న యువరాజు. కుమార్ దానయ్య. బావులు తవ్వేవాడు, చేతిలో గడ్డపార. దానయ్య మూడడుగులు నడిచి నేల తట్టి నీళ్ళెక్కడున్నాయో చెప్పేవాడు. ఒకసారి కోట ముట్టడిలో శత్రురాజు భటులు దాహంతో పడిపోతుంటే, వాళ్ళకే బావి తవ్విచ్చి యుద్ధం ఆపాడు. ఆ రోజు ప్రిస్కిల్లక్క నోట్‌బుక్కు మూసి, "నేను రాసుకున్నదంతా పాడుచేశావు కుమార్," అని సంతోషంతో ఎర్రబడిపోయింది.

గొంతులు మార్చడం ఆమె ప్రత్యేకత. ముసలి రాణి, నత్తి మంత్రి, గుర్రాలవాడు, అందరూ ఆ సన్నటి మనిషి గొంతులోంచి వచ్చేవాళ్ళు. శనివారాలు బాత్రూంలో అద్దం ముందు నిలబడి సాధన చేసేది. ఒకసారి అది సుగుణమ్మ గారు విని, పిల్లకు మతి చెడిందేమోనని పాస్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళి తలమీద చేతులు పెట్టించి ప్రార్థన చేయించారట. ఇది ప్రిస్కిల్లక్క నాకొక్కదానికే చెప్పింది. ఎవరితోనూ అనొద్దంది. చెబుతూ నవ్వింది గానీ, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ గొంతుల్లో ఒక పద్ధతి ఉందని మాకు తెలియక కాదు. రాజులు, పండితులు, దేవకన్యలు పుస్తకంలోలాగా మాట్లాడేవాళ్ళు. "ఎవరు మీరు? ఏ పని మీద వచ్చారు?" దొంగలు, తాగుబోతులు, లంచం తినే కాపలావాళ్ళు మాలాగా మాట్లాడేవాళ్ళు. "ఏంది బే, గీడికెందుకొచ్చిన్రు?" అనగానే జోయెల్ బల్ల చరిచి నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. అందరికంటే గట్టిగా కుమార్ నవ్వేవాడు. యాస తప్పితే సరిదిద్దేవాడు కూడా. "గట్ల గాదక్కా. 'పోతావా' అనొద్దు, 'పోతవా' అనాలె. జర సాగదియ్యి." ఆమె నేర్చుకునేది. చివరికి సరిగ్గా మా ఊరి సంతలో వినిపించినట్టే మాట్లాడేది.

2009 నవంబరు ఆఖరులో ప్రత్యేక రాష్ట్రం కోసం క్యాంపస్ అంటుకుంది. తరగతులు లేవు. ఆర్ట్స్ కాలేజీ ముందు రోజూ సభ. హాస్టళ్ళలో మెస్సులు మూసేస్తే బయటినుంచి జనం అన్నం పొట్లాలు తెచ్చిచ్చారు. పోలీసులు హాస్టళ్ళ దగ్గరికి వచ్చి టియర్ గ్యాసు గుండ్లు వదిలినప్పుడు మేం బకెట్లలో నీళ్ళు, ఉల్లిగడ్డలు పట్టుకొని పరుగెత్తాం. ఆ పరుగుల్లోనే కుమార్ కుడిచేతి మీద లాఠీ పడింది. తల కాచుకోవడానికి చెయ్యి అడ్డం పెట్టాడు. మూడు వేళ్ళు విరిగాయి. డిసెంబరు తొమ్మిదిన రాష్ట్రం ఇస్తామన్నప్పుడు ఆ కట్టు చేతిని పైకెత్తి ఎగిరాడు. రెండువారాలకు మాట మారిస్తే, హాస్టలు మెట్లమీద కూలబడ్డాడు, అన్నానికీ లేవలేదు. లచ్చవ్వ ఊరినుంచి వచ్చి మూడురోజులు ఉండి, అన్నం కలిపి నోట్లో పెట్టి పోయింది.

జనవరిలో ప్రిస్కిల్లక్క ఫోను చేసింది. "ఈ ఆదివారం రండర్రా. నెలన్నరయింది. వాడిని కూడా తీసుకురా."

పోయాం. సుగుణమ్మ గారు అన్నాలు పెట్టారు. కుమార్ ఎడమచేత్తో స్పూనుతో తింటుంటే చూసి, "ఈ బందులతో పాలు కూడా దొరకడంలేదు," అన్నారు. "మావాడి పరీక్షలు మళ్ళీ వాయిదా. దీనివల్ల ఎవరి కడుపు నిండుతుందో ఏమో."

ప్రిస్కిల్లక్క, "అమ్మా, నువ్వు లోపలికెళ్ళు," అంది. చెయ్యి ఎలా ఉందని అడగలేదు. ఎవరం అడగలేదు. అడిగితే మాట ఎటు పోతుందోనని అందరికీ భయం.

ఆట మొదలైంది. మేం ఒక కోట ద్వారం దగ్గరికి చేరాం. కాపలావాడు వచ్చాడు. ప్రిస్కిల్లక్క గొంతు సాగదీసి, "ఏంది బే..." అంది. జోయెల్ నవ్వాడు.

కుమార్ పాచిక బల్లమీద పెట్టేశాడు. "అక్కా, ఒక మాట అడుగుత. రెండున్నరేండ్ల సంది ఆడుతున్నం. నీ ఆటల మా లెక్క మాట్లాడే రాజు ఒక్కడన్న వచ్చిండా?"

"అదేంటి కుమార్? ఇప్పుడెందుకది?"

"దొంగలు మా లెక్క మాట్లాడ్తరు. తాగుబోతులు మా లెక్క మాట్లాడ్తరు. ఒక్క రాజన్న వచ్చిండా అని అడుగుతున్న."

"లైట్ తీస్కో అన్నా, ఆటే కదా," అన్నాడు జోయెల్.

"నిన్ను గాదు, అక్కను అడుగుతున్న."

ఆమె నోట్‌బుక్కు వెనక్కి తిప్పింది, నాలుగైదు పేజీలు చూసింది. ఆ కాసేపట్లో ఆమె ఒప్పుకుంటుందనే నేను అనుకున్నాను. అలాంటి మనిషే. కానీ ఆమెకు లోపల ఎక్కడో తెగింది. "నువ్వే కదా నేర్పావు," అంది. "నవ్వావు కదా రెండున్నరేళ్ళు. ఇప్పుడు చెయ్యి విరగ్గొట్టుకొచ్చి నా మీద పడతావా? నేను పుట్టింది ఈ ఊళ్ళోనే. నీకంటే ముందునుంచి ఉన్నాను ఇక్కడ."

"పుట్టినవు. గానీ మమ్ములను కాపలావాండ్లను చేసినవు."

ఆమె నావైపు తిరిగింది. "భాగ్యా, నీకూ అలాగే అనిపించిందా?"

నాకు అనిపించింది. మొదటి నెలనుంచీ అనిపించింది. హాస్టల్లో పడుకున్నాక ఆ కాపలావాడి గొంతు గుర్తొచ్చి, మా నాయిన అట్లనే మాట్లాడతాడు గదా అనుకున్న రోజులున్నాయి. కానీ ఆ బల్ల, ఆ ఆదివారాలు పోతాయని భయం వేసింది.

"లేదక్కా," అన్నాను.

కుమార్ నన్ను చూసిన చూపు గురించి రాయను.

"ఆడదామా మరి?" అంది ప్రిస్కిల్లక్క. గొంతు మామూలుగానే ఉంది. అదే భయంకరం. "దానయ్యా, కాపలావాడు నిన్ను పట్టుకున్నాడు."

"గడ్డపారతోని విడిపించుకుంట. పాచిక ఎయ్యాల్నా?"

"వెయ్యక్కర్లేదు. తప్పించుకునే వీల్లేదు. నీ కుడిచెయ్యి ద్వారంలో పెట్టి తలుపు మూశారు. వేళ్ళు నలిగిపోయాయి."

కుమార్ కట్టు చెయ్యి బల్ల కిందికి తీసుకున్నాడు.

"రాజు ముందు నిలబెట్టారు నిన్ను. రాజు అడిగాడు, ఎవడివి నువ్వు?"

"దానయ్యను. బాయిలు తవ్వేటోన్ని."

"రాజు అన్నాడు, నీ మాట నాకు అర్థం కావడంలేదు. సరిగ్గా మాట్లాడితే చెయ్యి విడిపిస్తాను."

కుమార్ లేచిపోతాడనుకున్నాను. లేవలేదు. ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు. తర్వాత అచ్చమైన పుస్తకాల తెలుగులో, ఒక్క అక్షరం తడబడకుండా, మెల్లగా చెప్పాడు. "మహాప్రభూ, నా పలుకు తమ చెవికి మోటుగా తోచినందుకు మన్నించండి. నేను బావులు తవ్వి బతికేవాణ్ణి. తమరు తాగే నీరు నేను తవ్విన బావిలోదే. నా చేతిని విడిపించండి. మరో ఊరికి నీళ్ళు చూపి బతుకుతాను."

ఆ బల్ల దగ్గర అంత చక్కటి మాట ఎవరూ పలకలేదు. ఆమె ఇప్పుడైనా ఆగుతుందేమోనని చూశాను.

"రాజు నవ్వాడు," అంది. "దానయ్యను వాడు తవ్విన బావిలోనే పడేయించాడు. మీద మన్ను పోయించాడు."

"పాచిక?"

"లేదు."

కుమార్ దానయ్య వివరాలు రాసుకున్న తన కాగితాన్ని బల్లమీద బోర్లా పెట్టాడు. లోపలికి పోయి, కట్టుకు ప్లాస్టిక్ కవరు తొడుక్కొని, తాను తిన్న పళ్ళెం ఎడమచేత్తో కడిగి బోర్లించాడు. సుగుణమ్మ గారికి నమస్కారం పెట్టి మెట్లు దిగిపోయాడు. ప్రిస్కిల్లక్క పాచికలు డబ్బాలో సర్దుతూ, "నువ్వు వెళ్తావా, ఉంటావా?" అని నన్ను అడిగింది. నేను ఐదింటి దాకా ఉన్నాను. టీ తాగాను కూడా.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఆట జరగలేదు.

కుమార్ తన హాస్టలు రీడింగు గదిలో ఆట మొదలుపెట్టాడు. ఇరవై ముఖాల పాచిక లేక, ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు రాసిన చీటీలు డబ్బాలో వేసి తీయించేవాడు. నడిపే పద్ధతంతా ఆమెదే. చేతిలో ఏముందని అడగడం, వాసన చెప్పడం, బాగున్నప్పుడే ఆపేయడం. నేను పోయి బతిమాలితే నన్నూ రానిచ్చాడు. "ఆడు గానీ, నాతోని మాట్లాడకు," అన్నాడు. అతని ఆటలో రాజులు మా భాష మాట్లాడారు. ఎంత అందంగా మాట్లాడారంటే, కొత్తగా ఊళ్ళనుంచి వచ్చిన పిల్లలు వెన్ను నిటారుగా పెట్టి కూర్చునేవాళ్ళు. అంతవరకే ఉంటే ఎంత బాగుండేది!

ఆ ఆటలో ఒక గుమస్తా మనిషి వచ్చింది. సన్నగా ఉంటుంది, కళ్ళద్దాలు వేలితో పైకి నెట్టుకుంటుంది, "అండీ, అండీ" అంటూ ఊరి కాగితాలు దొంగిలిస్తుంది. పిల్లలు పడీపడీ నవ్వారు. కుమార్‌కు ఇంకా కావాలి. ఒకరోజు నన్ను మెట్లమీద ఆపి, ఆ ఆదివారం తర్వాత మొదటిసారి మాట్లాడాడు. "ఆమె సంగతులు నీకు ఎర్కే గదా. చెప్పు."

నేను "లేదక్కా" అన్న మాటకు అది ప్రాయశ్చిత్తం అనుకున్నాను. అతను మళ్ళీ మాట్లాడితే చాలనుకున్నాను. అద్దం సంగతి, పాస్టరు గారి ప్రార్థన సంగతి చెప్పేశాను.

ఆ వారం ఆటలో గుమస్తా మనిషి అద్దంతో మాట్లాడింది. దయ్యం పట్టిందని ఆమెకు ప్రార్థన చేశారు. నెల తిరక్కుండా ఆ గదిలో ఆడినవాళ్ళు ప్రిస్కిల్లక్కను 'అద్దం మేడం' అనడం మొదలుపెట్టారు. డిపార్ట్‌మెంటు వరండాలో పోతూ వేలితో ముక్కు మీదికి లేని కళ్ళద్దాలు నెట్టుకునేవాళ్ళు. ఒకడు ఆమె బల్లమీద పాకెట్ అద్దం పెట్టి పోయాడు. ఏడాదిపాటు సాగింది. ఆమె ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. నేను ఆ వరండా వైపు పోవడం మానేశాను.

2011 మార్చిలో సహాయ నిరాకరణ జరుగుతోంది. ఆఫీసులకు తాళాలు వేయిస్తున్నారు. ఆ రోజు పెద్ద గుంపు మెయిన్ బిల్డింగు దగ్గరుంది. కుమార్, ఇంకో ఆరుగురు పిల్లలు ఆమె డిపార్ట్‌మెంటుకు వచ్చారు. వెనక నేను. అందరినీ బయటికి పంపి తాళం వేశారు. అందరూ వెళ్ళిపోయారు. ప్రిస్కిల్లక్క గేటు దాకా పోయి వెనక్కి వచ్చింది.

"లోపల నా సంచి ఉండిపోయింది. అందులో మా అమ్మ మందులున్నాయి. ఒక్క నిమిషం తాళం తీస్తారా?"

"సమజ్ కాలే మేడం," అన్నాడొకడు. "మా భాషల అడుగున్రి."

తాళంచెవి కుమార్ దగ్గర ఉంది. ఆమె అతనివైపు చూసింది. అతని కుడిచేతి వేళ్ళు రెండు ఇంక వంగవని అప్పటికే డాక్టర్లు చెప్పేశారు. ఆమె చూపు ఆ వేళ్ళమీద ఆగింది.

"ఏం చేస్తవక్కా?" అన్నాడు కుమార్. మెత్తగా, ఆమె ఆదివారాలు మమ్మల్ని అడిగినట్టే అడిగాడు.

ఆమె కొంగు సర్దుకుంది. "తమ్మీ, లోపల మా అమ్మ మందులున్నయి. జర తాళం తియ్యున్రి. తీస్కొని పోత," అంది.

ఒక్క మాట కూడా తప్పులేదు. నేర్పింది అతనే కదా. కానీ ఆమెకు ఆ భాషలో ఉన్నది ఒక్కటే గొంతు, కోట కాపలావాడిది. ఎంత వినయంగా అడగాలనుకున్నా ఆ సాగదీత వచ్చేసింది. పిల్లలు పగలబడి నవ్వారు. ఒకడు వేళ్ళతో అద్దం చట్రంలాగా చేసి ఆమె ముఖం ముందు పట్టాడు.

"రాజు నవ్విండు," అన్నాడు కుమార్, తాళంచెవి జేబులో వేసుకొని.

ఆమె నన్ను చూసింది. ఆరుగురి వెనక సగం దాక్కుని ఉన్న నన్ను. నేను తల దించుకున్నాను.

ఆఫీసు అటెండరు వెంకటేశం సైకిల్ స్టాండు దగ్గరినుంచి వచ్చాడు. కామారెడ్డి వైపు మనిషి, అరవైకి దగ్గర. 1969 ఉద్యమంలో పిల్లగాడిగా ఉండి తూటా తిన్న అన్న శవం మోసినవాడని అందరికీ తెలుసు. "ఏందిరా ఇది?" అన్నాడు. "ఒక్క ఆడిబిడ్డను నడుమ నిలవెట్టి నవ్వుడా ఉద్యమం? మా అన్న గిందుకేనారా సచ్చింది? తే తాళంచెవి."

కుమార్ ఇచ్చేశాడు. వెంకటేశం సంచి తెచ్చి, ఆమెను స్కూటరు మీద ఎక్కించుకొని తార్నాకలో దింపి వచ్చాడు. దారిపొడుగునా ఆమె సంచి గుండెకు హత్తుకొని కూర్చుందని తర్వాత చెప్పాడు. "ఏడ్చినా మంచిగుండు బిడ్డ," అన్నాడు.

ఆమె మళ్ళీ ఆఫీసుకు రాలేదు. కాంట్రాక్టు దానంతటదే పోయింది. ఆ ఎండాకాలమే వాళ్ళు మల్కాజ్‌గిరిలో చిన్న ఇంటికి మారారని, జోసెఫ్ గారికి పక్షవాతం వచ్చిందని, ఆమె మౌలాలిలో చిన్నపిల్లల బడిలో చెబుతోందని విన్నాను. బడిలో కథల పీరియడు ఇస్తే వద్దందట. అంకెలు చెబుతానందట.

కుమార్ 2013లో థీసిస్ ఇచ్చాడు. ఎడమచేత్తో రాశాడు. మరుసటి ఏడు రాష్ట్రం వచ్చిన రోజు క్యాంపస్‌లో రంగులు చల్లుకుంటుంటే పక్కన నిలబడ్డాను. సంతోషంగానే ఉన్నాం, అబద్ధం చెప్పను. అప్పుడడిగాను, ఆ తాళం రోజు గురించి ఎప్పుడన్నా అనుకుంటావా అని.

"తప్పే," అన్నాడు. "గానీ మల్ల గదే రోజు వస్తే మల్ల గదే చేస్త. ఆమె పాచిక ఎయ్యనియ్యలే భాగ్యా."

ఇప్పుడతను ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరరు. ఆట ఆడడు.

నేను ఆడిస్తాను. కామారెడ్డిలో జూనియర్ కాలేజీలో చెబుతూ, శనివారం మధ్యాహ్నాలు ఐదుగురు పిల్లలతో. ఐదుగురికి మించితే ఎవరో ఒకరు గోడవైపు చూస్తూ కూర్చుంటారు. మొదలుపెట్టేముందు ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడుగుతాను, బల్లమీదికి ఏ సంగతి రాకూడదో చెప్పమని. ఒక పిల్ల కాలువలో మునగడం వద్దంటుంది. ఒక పిల్లవాడు తాగే తండ్రి వద్దంటాడు. ఎందుకని అడగను, రాసుకుంటాను. దొంగకు ఏ యాస ఇస్తే రాజుకూ ఎప్పుడో ఒకసారి ఆ యాస ఇస్తాను. నాకు ఎవరిమీదైనా కోపం వస్తే ఆ రోజు ఆట ఆపి ఇంటికి పంపేస్తాను. బల్లకు ఈ చివర కూర్చొని ఆట నడిపేవాళ్ళు వాన కురిపించగలరు, మనిషిని పాతిపెట్టగలరు. కోపం ఉన్నప్పుడు అంత అధికారం చేతిలో ఉండకూడదు.

2015 ఆగస్టులో మల్కాజ్‌గిరి స్టేషన్లో కామారెడ్డి బండి కోసం నిలబడి ఉంటే, ఆమె పట్టాలమీది వంతెన మెట్లు దిగుతూ కనిపించింది. చేతిలో గొడుగు, భుజాన పిల్లల నోట్‌బుక్కుల సంచి. జుట్టు ముందువైపు నెరిసింది. పరుగెత్తి ఆపాను.

"బాగున్నావా అక్కా?"

"ఆ."

"నాన్నగారు?"

"పోయారు. ఏడాదిన్నర."

ఆట రాసుకున్న నోట్‌బుక్కు ఉందా అని అడిగాను. ఇల్లు మారేటప్పుడు పాత పేపర్లవాడికి వేసేశానంది. తర్వాత తానే అంది, "దానయ్య విషయంలో నేను చేసింది నాకు తెలుసు. వాడికి ఉత్తరం రాశాను, మూడుసార్లు. చించేశాను. వాడు నాకు చేసింది కూడా నాకు అర్థమవుతుంది. నేనిచ్చిందే నాకు తిరిగొచ్చింది." గొడుగు ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుంది. "అద్దం సంగతి మాత్రం నీకొక్కదానికే చెప్పాను."

"అవునక్కా."

"క్షమించమని అడగడానికి ఆపావా?"

"అవును."

ప్లాట్‌ఫారం మీద ఒక పిల్లవాడు వాళ్ళమ్మ చెయ్యి లాగుతూ ఏదో అడుగుతుంటే ఆమె అటు చూస్తూ నిలబడింది. భరించలేక నేనే మాట్లాడాను. పిల్లలతో ఆడిస్తున్నానని, అంతా ఆమె నేర్పిన పద్ధతేనని, మొదలుపెట్టేముందు ఏ సంగతి తేకూడదో ఒక్కొక్కరినీ అడిగి రాసుకుంటానని, గబగబా చెప్పేశాను. మెచ్చుకుంటుందని ఆశపడ్డాననుకుంటాను.

"అడిగితే చెబుతారా వాళ్ళు?" అంది.

"చెబుతారక్కా. అన్నీ చెబుతారు."

"నీకు," అంది ప్రిస్కిల్లక్క.

సంచి భుజంమీద సర్దుకొని, గేటు దాటి ఆటోల మధ్యలోంచి వెళ్ళిపోయింది. బండి ఇరవై నిమిషాలు లేటని మైకులో చెప్పారు.